ముందు ఇరుసు ఉపసంఘం, వెనక ఇరుసు ఉపసంఘం

కిల్లో బొంజుబాబు నడిపే జీపు మే నెల పదిహేడో తారీకున, ఘాట్ రోడ్డు మూడో మలుపులో, వెనక ఇరుసు దగ్గర టక్‌మని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. బొంజుబాబు దిగలేదు, వంగి చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ బండిని నడుపుతున్నాడు. ఏ చప్పుడు ఎక్కడిదో చూడకుండానే చెప్పగలడు.

"పళ్లు పోయాయి," అన్నాడు.

పక్కన కూర్చున్న నర్సు గెమ్మెలి చిలకమ్మ అతని నోటివైపు చూసింది.

"నావి కావమ్మా. గేరువి."

అది 1964 నాటి జీపు. గుమ్మగెడ్డ ఆసుపత్రికి అది ఎలా వచ్చిందో చెప్పగలిగిన వాళ్లెవరూ ఇప్పుడు ఉద్యోగాల్లో లేరు. ఆసుపత్రికి పైన కొండ మీద పదకొండు ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకి రోడ్డు లేదు. రాళ్లూ బురదా కలిసి రోడ్డులా కనిపించే చోటు ఒకటుంది. దాని మీద కొత్త అంబులెన్సులు ఎక్కలేవు. రెండు ప్రయత్నించాయి. రెండింటినీ ఈ జీపే కిందికి లాక్కొచ్చింది. నెలలు నిండుతున్న ఆడవాళ్లని వానలు ముదరకముందే కిందికి తెప్పించి, ఆసుపత్రి పక్కనున్న వసతి గృహంలో ఉంచడం చిలకమ్మ పని. తేవడం బొంజుబాబు పని. రెండేళ్ల క్రితం జీపు ఒక పది రోజులు పాడైతే, ఒకామెని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ సంగతి చిలకమ్మా ఎత్తదు, బొంజుబాబూ ఎత్తడు.

బండిని ఎలాగో ఆసుపత్రి ముందుకు చేర్చాక, కింద ఊళ్లోంచి మెకానిక్ షేక్ బాజీ వచ్చి బండి కింద దూరి, ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"వెనక క్రౌన్ పినియన్ పోయింది, బొంజు భాయ్. టైర్లు కూడా బోడిగుండు అయిపోయాయి. నా షెడ్డులో పాత జీపుది ఎనిమిది–నలభైమూడు సెట్టు ఒకటుంది. టైర్లు కూడా అవే సన్నవి, బురదలో పట్టు దొరికేలా గాళ్లు లోతుగా ఉన్నవి వేద్దాం. రెండు రోజుల పని."

ఇరుసు నడుమ ఉండే పెద్ద పళ్ల చక్రం క్రౌన్. దాన్ని తిప్పే చిన్నది పినియన్. చిన్నదానికి ఎనిమిది పళ్లు, పెద్దదానికి నలభై మూడు అయితే బండి నెమ్మదిగా నడుస్తుంది గానీ గోడ చూపించినా ఎక్కుతానంటుంది. పదకొండు–నలభై ఏడు వేస్తే చదును రోడ్డు మీద దౌడు తీస్తుంది, కొండ చూస్తే కూలబడుతుంది. నాలుగు చక్రాలూ లాగే జీపులో ముందు ఇరుసుకి ఏ లెక్క ఉంటే వెనక దానికీ అదే ఉండాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో పోతామంటాయి. నడుమనున్న గేరుపెట్టె పగిలిపోతుంది. ఇది బాజీకి తెలుసు, బొంజుబాబుకి తెలుసు, పదేళ్లుగా పక్కన కూర్చున్నందుకు చిలకమ్మకి కూడా తెలుసు.

"ఇంకేటి, బాజీ? మొదలెట్టు," అన్నాడు బొంజుబాబు.

"ఆగండి," అన్నారు ఆసుపత్రి డాక్టరుగారు, వరండాలోని తన బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీస్తూ.

ఆ మార్చిలోనే కొత్త ఉత్తర్వు వచ్చింది. నగరంలో కొందరు పెద్దలు పాత కార్ల ఊరేగింపు ఒకటి చూసి ముగ్ధులై, మన ప్రభుత్వం దగ్గర కూడా పాత బండ్లున్నాయి కదా అని గుర్తు చేసుకున్నారు. అన్ని శాఖల్లోనూ పాత బండ్లే ఉన్నాయి కాబట్టి వాటిని గర్వకారణంగా మార్చడం కొత్తవి కొనడం కంటే సులువనిపించింది. యాభై ఏళ్లు దాటిన ప్రతి ప్రభుత్వ వాహనమూ వారసత్వ సంపద అయింది. దానికో సంరక్షణ మండలి పుట్టింది. మండలి అనుమతి లేకుండా అలాంటి బండికి నట్టు బిగించినా, విప్పినా నేరం.

బొంజుబాబు రెండు వాక్యాల అర్జీ రాశాడు. వెనక ఇరుసుకి ఎనిమిది–నలభైమూడు గేరు, స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు ఇప్పించవలెను. వానలు వస్తున్నవి గనుక త్వరపడవలెను.

తొమ్మిది పేజీల జవాబు వచ్చింది. సారాంశం: జీపును, డ్రైవరును వెంటనే నగరానికి పంపవలెను. త్వరపడవలెను అనే మాట మండలికి రాయవలసినది కాదు.

*

జీపు లారీ ఎక్కి నగరం వెళ్లింది. బొంజుబాబు లారీలోనే, జీపు సీట్లో కూర్చుని వెళ్లాడు. ఇంకోచోట కూర్చోవడం అతనికి తోచలేదు.

మండలి అధ్యక్షులు పరాంకుశం గారు బండిని చూడగానే రెండు చేతులూ జోడించారు.

"అరవై నాలుగు! మన వారసత్వానికి నాలుగు చక్రములు!" అన్నారు. వెంటనే బానెట్టు మీద ఒక ఇత్తడి పలక బిగించారు. ఆ నట్టు బిగించడానికి అనుమతి ముందే తీసుకున్నారు.

సమావేశంలో బొంజుబాబుని ప్రత్యేక ఆహ్వానితుడిగా గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రత్యేక ఆహ్వానితుడంటే మాట్లాడే హక్కు లేనివాడని పక్కనున్న గుమస్తా చెవిలో చెప్పాడు.

"సదరు వాహనమునకు రెండు ఇరుసులు గలవు," అని మొదలుపెట్టారు పరాంకుశం గారు. "ఒకటి ముందు. రెండవది, మనవి చేయుచున్నాను, వెనుక. విషయ ప్రాధాన్యత దృష్ట్యా ముందు ఇరుసు ఉపసంఘము, వెనుక ఇరుసు ఉపసంఘము, టైర్ల ఉపసంఘము అని మూడు ఏర్పాటు చేయడమైనది. ఒకరి నిర్ణయం ఇంకొకరిని ప్రభావితం చేయరాదు గనుక మూడూ వేర్వేరు గదులలో కూర్చొనవలెను."

బొంజుబాబు లేచి నిలబడ్డాడు. గుమస్తా చొక్కా లాగాడు గానీ అప్పటికే లేచిపోయాడు.

"అయ్యగారూ, ముందు ఇరుసు బాగానే ఉందండి. పాడైంది వెనకదే. అయినా ముందు గేరూ వెనక గేరూ ఒక్కలాగే ఉండాలండి. ఒకే గదిలో కూకుంటే సరిపోద్ది."

పరాంకుశం గారికి కోపం రాలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

"చూడవయ్యా. రెండు ఉపసంఘములూ ఒకే నిర్ణయం చేసినచో, రెండవ ఉపసంఘం ఎందుకని రేపు ఆడిట్ వారు అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

బొంజుబాబు మళ్లీ కూర్చున్నాడు.

ముందు ఇరుసు ఉపసంఘం పదహారు రోజులు చర్చించింది. ముందున్నది ముందడుగుకు ప్రతీక గనుక వేగమే ముఖ్యమని తేల్చి పదకొండు–నలభైఏడును ఎంపిక చేసింది. వెనుక ఇరుసు ఉపసంఘం కూడా పదహారు రోజులే చర్చించింది, ఒక రోజు తక్కువైతే చిన్నచూపు చూస్తారని. వెనుకనున్నది గతానికి ప్రతీక గనుక పాత లెక్కే ఉండాలని ఎనిమిది–నలభైమూడు ఖాయం చేసింది. నిర్ణయాలు వెలువడ్డ రోజు రెండు ఉపసంఘాలవారూ ఒకరికొకరు మిఠాయి తినిపించుకున్నారు.

ఆ పదహారు రోజులూ బొంజుబాబు మండలి ఆవరణలో జీపు పక్కనే గడిపాడు. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచేవాడు. మధ్యాహ్నాలు చిలకమ్మ ఫోన్ చేసేది. నిర్ణయాలు వెలువడ్డ రోజూ చేసింది.

"పై ఊళ్లో ముగ్గురికి దగ్గర పడిపోనాదన్నా. సోమెలికి కాళ్లు నీరొచ్చి ఉబ్బిపోనాయి. నడిపించి తెద్దామంటే మొగుడు భయపడతన్నాడు. ఎప్పుడొస్తావు?"

"ముందు ఇరుసోళ్లు తేల్చారమ్మా. వెనకోళ్లు తేల్చారు. ఇక రెండిటికీ పొత్తు కుదరాల."

"పొత్తేటన్నా? సంబంధమేటి చూస్తన్నారు?"

"అలాంటిదే," అన్నాడు బొంజుబాబు. ఫోన్ పెట్టేసి, పొద్దున తుడిచిన బానెట్టునే మళ్లీ తుడిచాడు.

*

పొత్తు కుదర్చడానికి నిపుణుడు వచ్చాడు. పేరు మకరంద్. లెక్కల్లో దిట్ట. జీపు ఎక్కలేదు గానీ జీపుల మీద రెండు వ్యాసాలు రాశాడు.

"రెండు గేర్లూ వేరైతే ముందు చక్రాలు ఐదు చుట్లు తిరిగేలోగా వెనకవి నాలుగు చుట్లే తిరుగుతాయి," అన్నాడు బోర్డు మీద గీస్తూ.

బొంజుబాబు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకి ఒక్కడు సరిగ్గా మాట్లాడాడు.

"కాబట్టి," అన్నాడు మకరంద్, "వెనక టైర్లు ముందువాటికంటే పావు వంతు పెద్దవి వేస్తే సరిపోతుంది. కొద్దిపాటి దశాంశం మిగులుతుంది. దాన్ని రోడ్డు సర్దుకుంటుంది."

సభ్యులు చప్పట్లు కొట్టారు. టైర్ల ఉపసంఘం అప్పటిదాకా గాళ్లున్న టైర్లా, నున్నటివా అనే చోటే ఆగి ఉంది. గాళ్లలో మన్ను ఇరుక్కుని ఒక మండలం మట్టి ఇంకో మండలానికి రవాణా అవుతుందని, దానికి గనుల శాఖ అనుమతి కావాలని ఒక సభ్యుడు పట్టుబట్టాడు. ఈ పావు వంతు సూత్రంతో అందరికీ ఉత్సాహం వచ్చి, మట్టి అంటని నున్నటి టైర్లే, వెనకవి పెద్దవి, ముందువి చిన్నవి అని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"వెనక పెద్ద టైరు పెడితే బాడీకి రాసుకుంటుందండి," అన్నాడు బొంజుబాబు, ఈసారి కుర్చీలోంచి లేవకుండానే.

బాడీ కోయడానికి వీల్లేదు, అది వారసత్వం. కాబట్టి బాడీ వెనక భాగాన్ని జానెడు పైకెత్తాలని నిర్ణయించారు. వెనక లేస్తే బండి ముందుకు వాలుతుంది. హెడ్‌లైట్లు నేలని చూస్తాయి. కాబట్టి హెడ్‌లైట్లని ఆకాశం వైపు తిప్పాలని దీపాల ఉపసంఘం వేశారు. డ్రైవరు సీట్లోంచి జారతాడు. కాబట్టి సీటుకి నడికట్టు బిగించాలని ఆసనాల ఉపసంఘం వేశారు.

"ఇందులో ఒక అదనపు ప్రయోజనం గలదు," అన్నారు పరాంకుశం గారు, బండి బొమ్మని చేత్తో అటూ ఇటూ వంచి చూస్తూ. "వాహనం ముందుకు వాలి ఉన్నందున, కొండ ఎక్కునప్పుడు లోపల కూర్చున్నవారికి చదునుగా ఉండును. గర్భిణులకు ఎంతో సుఖం."

"దిగేటప్పుడండీ?"

పరాంకుశం గారు కళ్లజోడు తీసి బొంజుబాబు కేసి చూశారు.

"దిగుట ఈ మండలి పరిధిలోకి రాదు."

*

జూన్ ఇరవై రెండున జీపు తయారైంది. మండలి వర్క్‌షాపులో ముందు ఇరుసు విప్పి, బాగున్న గేరు తీసేసి, బాగోలేని లెక్క బిగించారు. తీసేసిన గేరుని తొలగించిన సామాను కింద రసీదుతో బొంజుబాబు చేతికే ఇచ్చారు. పాత టైర్లు తీసి కొత్తవి వేశారు. బండిని బయటికి తోసి నిలబెట్టేసరికి అది నేల మీద ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు ఉంది.

బొంజుబాబు దాన్ని చూసి పక్కకి తిరిగాడు. అతనికి ఏడుపొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బండి మీద అరిచాడు, తన్నాడు, ఒకసారి దాని పక్కన పడుకుని జ్వరం కూడా పడ్డాడు. జాలిపడాల్సి రావడం ఇదే మొదటిసారి.

ప్రారంభోత్సవంలో పరాంకుశం గారు పక్క సీట్లో కూర్చున్నారు. బండి ఆవరణలో సగం చుట్టు తిరిగేలోపు ఆయన రెండుసార్లు జారి, మోకాళ్లు ముందు రేకుకి ఆనించుకుని, చేతులూపుతూనే ఉన్నారు.

రూపం మారిన బండిని రోడ్డెక్కించాలంటే మళ్లీ తనిఖీ కావాలి. అందుకని రవాణా శాఖ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు తాటికొండ వీరభద్రం. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. ఆయనకి వారసత్వం మీద గౌరవం లేదు, ద్వేషమూ లేదు. జేబులోంచి టేపు తీసి ముందు చక్రం కొలిచాడు, వెనక చక్రం కొలిచాడు, పుస్తకం తీశాడు.

"ఇది ట్రాక్టరు," అన్నాడు.

"ఏమిటీ?" అన్నారు పరాంకుశం గారు.

"వెనుక చక్రములు ముందు చక్రముల కన్నా ఇంచుమించు పావు వంతు పెద్దవి, రోడ్డు మీద వేగం పరిమితం. మా పుస్తకంలో ట్రాక్టరే."

"అయ్యా, ఇది అరవై నాలుగు నాటి జీపు! వారసత్వ సంపద!"

"పుట్టిందెప్పుడో రాసే గడి నా ఫారంలో లేదు సార్. చక్రం ఎంతో రాసేది ఉంది. ట్రాక్టరు కాకూడదంటే టైర్లు మార్చి తీసుకురండి."

పరాంకుశం గారు గుమస్తా వైపు తిరిగారు. గుమస్తా తీర్మానాల పుస్తకం తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"మండలి నిర్ణయములు అంతిమములు అని మొదటి సమావేశంలోనే తీర్మానించామండి. వాటిని మార్చే అధికారం ఎవరికీ లేదని. మండలికి కూడా."

"ఆ తీర్మానం ఎవరు ప్రతిపాదించారు?"

"తమరేనండి."

బొంజుబాబు ఇదంతా బండి పక్కన నిలబడి వింటున్నాడు. అతని తలలో ఏదో మెల్లగా తిరగడం మొదలైంది. చేతులు కట్టుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, తెలీక అడుగుతాను. ట్రాక్టరైతే మరి దీని గేర్లూ టైర్లూ ఏ మండలి చూస్తుందండి?"

"ట్రాక్టరు గేర్లకి మండలేమిటయ్యా? ఎవరి ట్రాక్టరు వాళ్లిష్టం. ఏది నడుస్తే అది వేసుకుంటారు."

"కాగితం ఎన్నాళ్లు చెల్లుద్దండి?"

"పదిహేనేళ్లు. మధ్యలో నేనొచ్చి కొలవను. నేనుండను కూడా."

బొంజుబాబు ముఖం కదలకుండా నిలబడటానికి చాలా కష్టపడ్డాడు. వీరభద్రం ట్రాక్టరని రాసి సంతకం పెట్టి, స్టాంపు వేసి, కాగితం అతని చేతిలో పెడుతూ ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకున్నాడు.

"మీది కొండ మీద ఊరా?"

"అవునండి."

"మా అమ్మాయికి నెలలు. ఇక్కడ ఆసుపత్రి ఇంటి పక్కనే," అని కాగితం వదిలేశాడు.

వారసత్వ జాబితాలో ట్రాక్టర్లకు చోటు లేదు గనుక మండలి ఆ సాయంత్రమే ఇత్తడి పలక విప్పుకుంది. జీపు ఫైలు "విజయవంతముగా పరిష్కరింపబడినది" అని మూసేశారు. తర్వాత ఆ ఫైలు ఇంకో మూడు జిల్లాలకి ఆదర్శంగా పంపించారని తెలిసింది.

*

లారీ తిన్నగా బాజీ షెడ్డు ముందు ఆగింది. బాజీ బండిని చూసి నోట్లోంచి బీడీ తీసేశాడు.

"యా అల్లా. ఎవరు చేశారిది?"

"ఐదు ఉపసంఘాలు. ఇదిగో ముందు గేరు. మళ్లీ దాని చోట దాన్ని పెట్టు. వెనక వీళ్లు వేసింది సరైనదే. టైర్లు నువ్వన్నవే. బాడీ దించు, లైట్లు తిప్పు."

"నేరం కాదూ?"

"ట్రాక్టరు బాజీ, ఇది. రైతు ఇష్టం."

"రైతెవరు?"

"నేనే."

బాజీ పానా తీసుకుని పని మొదలుపెట్టాడు. రెండు రోజుల పని ఒకటిన్నర రోజులో అయింది. జూన్ ఇరవై ఐదు మధ్యాహ్నం సన్నటి వానలో జీపు నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడింది. బొంజుబాబు సీట్లో కూర్చున్నాడు. జారలేదు.

మర్నాడు పొద్దున్నే చిలకమ్మని ఎక్కించుకుని కొండకి బయల్దేరాడు. ఘాట్ మొదట్లో వ్యవసాయోత్పత్తుల చెక్‌పోస్టు ఉంది. ఇన్నేళ్లూ జీపుని చూసి గేటెత్తే గుమస్తా దాలినాయుడు ఆ రోజు కాగితం అడిగి, చదివి, తల గోక్కున్నాడు.

"ట్రాక్టరంటే పైనుంచి ఏం సరుకు తెస్తారో ముందే రాయించాల. ఎన్ని బస్తాలు?"

బొంజుబాబు చిలకమ్మ కేసి చూశాడు.

"కందులు," అంది చిలకమ్మ, తడుముకోకుండా. "మూడు బస్తాలు."

దాలినాయుడు రాసుకున్నాడు.

జీపు ఎక్కింది. బురదలో గాళ్లు దిగబడి, పట్టు దొరికించుకుని, రాయి మీంచి రాయి మీదికి, నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా ఎక్కింది. దారికి అడ్డంగా పారే గెడ్డలో నీళ్లు ఇరుసు దాకా వచ్చాయి. నాలుగు చక్రాలూ ఒకే మాట మీద లాగాయి. దాటాక బొంజుబాబు వెనక్కి తిరిగి నీళ్ల వైపు చూసి, "ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే దాటేవోళ్లం కాదు," అన్నాడు. చిలకమ్మ పెదాలు కదులుతున్నాయి. నెలలు లెక్కేసుకుంటోందో, దణ్ణం పెట్టుకుంటోందో అతను అడగలేదు.

ముగ్గురినీ ఎక్కించుకున్నారు. సోమెలిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి వెనక దుప్పట్ల మీద పడుకోబెట్టారు. మొగుడు వెనక రేకు పట్టుకుని నిలబడ్డాడు. సగం దారిలో, గెడ్డ దాటిన కాసేపటికి, సోమెలి అరిచిన తీరుకి చిలకమ్మ "ఆపన్నా" అంది. బొంజుబాబు ఆపి, దిగి, వానలో రోడ్డుకి అటు తిరిగి నిలబడ్డాడు. మొగుడు వచ్చి అతని పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లోయలో మబ్బుని చూశారు. లోపల చిలకమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తోంది, తిడుతున్నట్టూ బతిమాలుతున్నట్టూ. ఆ తర్వాత ఇంకో గొంతు వినిపించింది.

"ఆడపిల్ల!" అని కేకేసింది చిలకమ్మ. "ఇద్దరూ బాగున్నారు! బండి తియ్యి, మెల్లగా!"

మెల్లగా పోవడానికే ఆ గేరు ఉంది. బొంజుబాబు కొండ దిగినంతసేపూ బ్రేకు మీద కాలు దాదాపు పెట్టలేదు. ఇంజనే బండిని పట్టుకుని, ఒక్కొక్క అడుగు దించింది.

చెక్‌పోస్టు దగ్గర వాన జోరయింది. దాలినాయుడు గొడుగు వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, వెనక్కి తొంగి చూశాడు. ముగ్గురు ఆడవాళ్లని చూశాడు. సోమెలి చేతిలో పాత చీర ముక్కలో చుట్టిన ఎర్రటి మొహాన్ని చూశాడు. పుస్తకం తెరిచాడు.

"మూడు బస్తాలని రాయించారు," అన్నాడు గంభీరంగా. "నాలుగున్నాయేం?"

బొంజుబాబు ఈ ఒక్క గడి కోసం మళ్లీ నగరం వెళ్లాల్సి వస్తుందేమోనని స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"నాలుగోది ఎంత తూగుద్ది?" అడిగాడు దాలినాయుడు.

"మూడు కిలోలకి కాస్త తక్కువ బాబూ," అంది చిలకమ్మ.

దాలినాయుడు పుస్తకం మూసేశాడు. గొడుగుని ముందుకు చాచి, రేకు సందులోంచి బిడ్డ మీద చినుకులు పడుతున్న చోట పట్టుకున్నాడు. రెండో చేత్తో గేటు తాడు లాగాడు.

"ఐదు కిలోల లోపు లెక్కలోకి రాదమ్మా," అన్నాడు. "పోనీండి."